కరివేపాకును కూరలోనే ఉండనియ్యి తల్లీ

అమ్మాయీ,

నువ్వు ఫోన్లో పంపినవన్నీ చదివాను. కరివేపాకు రసం గడ్డను కరిగిస్తుందని ఒకటి, పసుపూ మిరియాలూ కలిపి తాగితే కీమో అక్కర్లేదని ఒకటి, పుదీనా తులసి మునగాకు దంచి పసరు తీసి పరగడుపున పోయమని ఇంకొకటి. మీ అమ్మ రొమ్ములో గడ్డ క్యాన్సరేనని బయాప్సీ రిపోర్టు వచ్చినప్పటి నుంచి నీకు కంటి మీద కునుకు లేదని తెలుసు. అలాంటప్పుడు ఎవరేం చెప్పినా చేసెయ్యాలనిపిస్తుంది. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. ఆమె నీకు తల్లయితే నాకు తోడబుట్టింది, చిన్నప్పుడు నా చంకన పెరిగిన పిల్ల. అందుకే పెద్దమ్మగా ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఆకులు వండు, కడుపు నిండా పెట్టు. కానీ మందు చేయాల్సిన పనిని ఆకుకు అప్పజెప్పొద్దు. వైద్యం నడుస్తున్నన్నాళ్లూ డాక్టరుకు తెలియకుండా ఏ పసరూ, ఏ పొడీ, ఏ బిళ్లా ఆమె గొంతు దిగనియ్యొద్దు.

నువ్వు పంపిన వాటిలో అంతా అబద్ధమే అయితే ఇంత రాయాల్సిన పనే లేదు. అందులో కొంత నిజముంది, చిక్కంతా దానితోనే. మార్కాపురం పిల్లలకు ఏళ్ల తరబడి జీవశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని. ఆ నిజమేంటో, అది ఎక్కడిదాకా నిజమో వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

మొక్క పురుగొస్తే పారిపోలేదు, బూజు పడితే దులుపుకోలేదు. అందుకని తనను కాపాడుకోవడానికి రకరకాల రసాయనాలను తనలోనే తయారు చేసుకుంటుంది. మన పోపుకు వాసన తెచ్చేవి, మన నాలుకకు ఘాటుగా, చేదుగా తగిలేవి చాలావరకు అవే. అల్లంలో జింజెరాల్, తెల్లగడ్డను నలిపితే పుట్టే అల్లిసిన్, తులసిలో యూజినాల్, పసుపులో కర్క్యుమిన్, మిరియంలో పైపెరిన్. కరివేపాకులో కార్బజోల్ ఆల్కలాయిడ్లు అనే జాతి పదార్థాలున్నాయి. వాటిలో మహానింబిన్, గిరినింబిన్ అనేవి ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకున్నాయని పరిశోధకులు రాశారు. అది కట్టుకథ కాదు.

మన ఒంట్లో కణానికి ఒక కట్టుబాటు ఉంటుంది. అవసరమైనంత వరకే చీలాలి, పాడైతే తనంతట తానే చచ్చిపోవాలి. క్యాన్సర్ కణం ఆ చావును ఎగ్గొట్టి చీలుతూనే పోతుంది. 2013లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎల్విరా డి మెహియా, జోడీ జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీదే పనిచేశారు. కొత్తిమీర కుటుంబానికే చెందిన సెలెరీ, పార్స్లీ లాంటి ఆకుల్లో అపిజెనిన్, ల్యుటియోలిన్ అనే పదార్థాలుంటాయి. వాటిని క్లోమగ్రంథి క్యాన్సర్ కణాల మీద పోస్తే, ఆ కణాలు ఎగ్గొట్టిన చావు మళ్లీ మొదలైంది. ఒక రకం కణాల్లో మామూలుగా 8 శాతం చుట్టూ ఉన్న చావులు 44 శాతం దాకా పెరిగాయి.

ఇక్కడిదాకా చదివి ఆగిపోతే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఫోన్లో తిరిగే ముక్కలన్నీ సరిగ్గా ఇక్కడే ఆగిపోతాయి. ఆ పరిశోధనలో తర్వాతి భాగం ఎవరూ పంపరు. ఆకు పదార్థాన్ని ఒక రోజు ముందు పోసి, ఆ తర్వాత కీమో మందు పోస్తే బాగా పనిచేసింది. రెండూ ఒకేసారి పడితే ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం రావచ్చని ఆ పరిశోధకులే హెచ్చరించారు. పైగా ఆకులు తిని అంత మోతాదు ఒంటికి పట్టించుకోవడం కుదిరే పని కాదని కూడా వాళ్లే అన్నారు.

మోతాదు దగ్గరే అసలు సంగతంతా ఉందమ్మా. ఆ కణాలు ప్లాస్టిక్ పళ్లెంలో ఉంటాయి. మందు నేరుగా వాటి మీదే పడుతుంది. పళ్లెంలో కణాన్ని చంపడం పెద్ద పనేం కాదు, ఉప్పు ఎక్కువేసినా చస్తుంది. మీ అమ్మ తాగిన రసం ముందు కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోవాలి, పేగు గోడ దాటాలి, కాలేయం కంట పడాలి. కాలేయం ఇలాంటి పదార్థాలను చూడగానే మార్చేసి బయటికి పంపే ఏర్పాట్లు చేస్తుంది. అవన్నీ దాటి రక్తంలోకి చేరేది కొసరంత.

పసుపు లెక్క చూద్దాం. కాగితం తీసుకుని నువ్వే వేసుకో. చిన్న చెంచాడు పసుపు సుమారు 3 గ్రాములు. అందులో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్లు అనుకుంటే 90 మిల్లీగ్రాములు. అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు క్లోమగ్రంథి క్యాన్సర్ ఉన్నవాళ్లకు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు. అంత కర్క్యుమిన్ మామూలు పసుపు నుంచి రావాలంటే రోజూ పావుకిలో పైచిలుకు తినాలి. మన వంటింట్లో పావుకిలో పసుపు ఎన్ని వారాలు వస్తుందో నీకు తెలియంది కాదు. అంత ఇచ్చినా రక్తంలో చాలా కొద్దిగానే కనపడింది. ఫలితం చూడగలిగిన 21 మందిలో కాస్తో కూస్తో ప్రభావం కనిపించింది ఇద్దరికి. 2008లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఇద్దరికి కనపడింది కాబట్టి శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్నారు, వెతకాలి కూడా. నువ్వు మాత్రం ఆ వెతుకులాట మీ అమ్మ మీద చేయొద్దు.

మిరియం కలిపితే పసుపు వంటబడుతుందన్న మాట కూడా నిజమే. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు కర్క్యుమిన్‌తో పాటు కొంచెం పైపెరిన్ ఇచ్చి, రక్తంలోకి చేరేది ఎన్నో రెట్లు పెరిగిందని చూపించారు. ఎందుకు పెరిగిందో ఆలోచించావా? పదార్థాలను మార్చి బయటికి పంపే కాలేయం పనిని పైపెరిన్ మందగింపజేస్తుంది. ఆ కాలేయమే చాలా కీమో మందులనూ బయటికి పంపాలి. చారులో నాలుగు మిరియాల గింజలతో ఏమీ కాదు. గాఢంగా తీసిన మిరియాల బిళ్లలు మింగితే మాత్రం, డాక్టరు కొలిచి ఇచ్చిన మందు ఒంట్లో ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉండిపోయే ప్రమాదముంది. పసుపు బిళ్లలు మింగినవాళ్లలో కాలేయం వాచిన కేసులు ఇటలీలోనూ, అమెరికాలోనూ బయటపడ్డాయి.

ఆకులోని పదార్థం క్యాన్సర్ కణాన్ని ఏం చేస్తుందో లోకానికి గట్టిగా చూపించినవాళ్లలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన తోడబుట్టినవాళ్లను మింగింది, ఆయన్నూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ సంస్థలో పరిశోధనకు పెద్ద అయ్యాడు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఫోలిక్ యాసిడ్‌ను కొంచెం రాబట్టారు. దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేయడం సుబ్బారావు బృందం సాధించింది. రక్తహీనతకూ, స్ప్రూకూ అది మందైంది. పాలకూర, తోటకూర, మెంతికూర, అన్నిట్లో ఉండే మంచి పోషకమది. కణం చీలాలంటే అది కావాలి.

కణం చీలాలంటే కావాలి అన్నానే, అక్కడే ఆగి ఆలోచించు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు ఈ ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, జోరందుకున్నట్టు కనిపించింది. ఆకులోని మంచి పోషకం మంచి కణానికీ, చెడ్డ కణానికీ ఒక్కలాగే తిండి పెట్టింది. అప్పుడు సుబ్బారావు బృందం, చూడ్డానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉండి లోపలికి పోయాక దాని పని సాగనివ్వని అమినోప్టెరిన్‌ను తయారు చేసింది. 1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో ఆయన అచ్చువేసిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనకంజ వేసింది. కొన్నాళ్లకే మళ్లీ తిరగబెట్టినా, మందుతో పిల్లల్లో ఈ రక్త క్యాన్సర్ తగ్గుముఖం పట్టడం అదే మొదలు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆ దారిలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో నడుస్తోంది.

దీన్ని చదివి పాలకూర పప్పు మానేసేవు. అది కూడు, శుభ్రంగా పెట్టు. పక్కింటివాళ్లు ఇచ్చారని ఫోలిక్ యాసిడ్ బిళ్లలు, బలానికని విటమిన్ బిళ్లలు మాత్రం డాక్టరును అడక్కుండా వేయొద్దు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే క్యాపెసిటబిన్ లాంటి మందులున్నాయి. ఫోలిక్ యాసిడ్ తోడైతే వాటి దుష్ప్రభావాలు ముదురుతాయి.

మరి ఆకు నుంచి మందు రాలేదా అంటావు. వచ్చింది. మన గడప పక్కన పూసే బిళ్ళగన్నేరే సాక్షి. దాని ఆకు షుగరుకు మంచిదని జమైకాలో వాడుకలో ఉండేది. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనేవాళ్లు దాన్ని పరీక్షించబోతే షుగరు సంగతేమో గానీ ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్త క్యాన్సర్‌కు ఇది పనికొస్తుందేమోనని తవ్వుకుంటూ పోతే, 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ చేతికొచ్చింది. ఆ వెనకే విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్ పెద్దవాళ్లకైనా ఒక్క విడతకు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. నరంలోంచి పక్కకు కారితే చర్మం, కండ పాడైపోతాయి. అంత పదునైన మందును గ్రాములో వెయ్యో వంతు లెక్కన కొలిచి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. పెరట్లో ఆకు కోసి నలిపి తాగితే అందులో ఎంతుందో ఎవరికి తెలుస్తుంది? వంటకు వాడే ఆకుల్లో అంత విషం లేదు కాబట్టే వాటిని పిల్లలకు కూడా కడుపారా పెడుతున్నాం. అంత బలం లేదు కాబట్టే గడ్డను కరిగించమని వాటిని అడగకూడదు.

ఇక పసరు సంగతి. నల్లమల అంచున పుట్టి పెరిగినవాళ్లం. కామెర్లొస్తే పసరు పోయించుకోవడం మనకు కొత్త కాదు. పోసేవాళ్లందరూ మోసగాళ్లని నేననను. డబ్బు ముట్టుకోని పెద్దమనుషులు వాళ్లలో ఉన్నారు. చెంచుల అడవి జ్ఞానం మీద నాకు గౌరవముంది. కానీ రొమ్ములో గడ్డకు గడువుంటుంది. మొదట్లో నొప్పి పుట్టదు. నొప్పి లేదు గనుక పసరు పనిచేస్తోందనుకుంటాం. ఈలోపు అది చంకలోకి, అక్కణ్ణుంచి ఎముకలకు, కాలేయానికి పాకుతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఒంట్లో వేరేచోటికి ఇంకా పాకని దశలోనే ఆస్పత్రి వైద్యం వదిలేసి ఇతర వైద్యాలను మాత్రమే నమ్ముకున్న 281 మంది వివరాలు తీశారు. ఆస్పత్రి వైద్యం చేయించుకున్నవాళ్లతో పోలిస్తే వాళ్లకు చావు ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌ను విడిగా చూస్తే అయిదున్నర రెట్ల పైనే. 2018లో అచ్చయిన లెక్క ఇది. వైద్యానికి బాగా లొంగే జబ్బు కాబట్టే, వైద్యం మానితే జరిగే నష్టం కూడా అంత పెద్దది. మీ అమ్మకు గడ్డ ముదరకముందే తెలిసింది. ఆ అదృష్టాన్ని నలభై రోజుల పసరుకు ఖర్చు పెట్టొద్దు.

ఇంకొకటి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి, కిడ్నీ జబ్బులతో నలిగిన మనుషులు మన పడమటి మండలాల్లో ఎందరున్నారో నీకు చెప్పక్కర్లేదు. కొన్ని కీమో మందులు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. వాటి మీద ఏముందో తెలియని పొడుల భారం కూడా మోపితే ఆ కిడ్నీలు ఎక్కడ తట్టుకుంటాయి?

ఆకులకు పని లేదా అంటే, బోలెడంత ఉంది. కీమో తర్వాత వాంతి వచ్చినట్టుండటం మందులతో కూడా పూర్తిగా పోదు. అమెరికాలో 576 మంది మీద జరిపిన పరిశోధన 2012లో అచ్చయింది. వాంతుల మందులతో పాటు రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా శొంఠి లాంటి అల్లం పొడి తీసుకున్నవాళ్లకు మొదటి రోజు వికారం తగ్గింది. చూశావా, మందును పక్కకు నెట్టలేదు, మందుకు తోడు నిలిచింది. అడిగి చూడు, డాక్టరు సరేనంటే అల్లం వేసిన పల్చటి చారు పెట్టు.

ఆ రోజుల్లో అన్నం సయించదు. అప్పుడు నీ కరివేపాకు అక్కరకొస్తుంది. లేతాకు దూసి, కడిగి, నీడన ఆరబెట్టి, మినప్పప్పు, ధనియాలు, ఒకటి రెండు ఎండుమిరపకాయలు దోరగా వేయించి, రెండు తెల్లగడ్డ రెబ్బలతో దంచి పొడి చెయ్యి. వేడన్నంలో నెయ్యేసి ఆ పొడి కలిపితే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. ఆ నాలుగు ముద్దలే ఆమెకు బలం. నోట్లో పుండ్లు పడితే కారమూ, గోంగూర, చింతచిగురు పులుపూ ఆపేసి రాగి జావ, మెత్తటి పప్పన్నం పెట్టు. రోజూ గుడ్డు, కందిపప్పు, పెసరపప్పు ఉండాలి. కంభం చెరువు చేప దొరికితే పల్చగా పులుసు పెట్టు. మాంసకృత్తులు తగ్గితే తర్వాతి విడత కీమోను ఒళ్లు తట్టుకోదు.

కీమో అయ్యాక వారం, పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు పచ్చి ఆకు రసాలూ, పచ్చి కొత్తిమీర పచ్చళ్లూ అస్సలొద్దు. ఆకుకు అంటుకున్న మట్టిలోని క్రిములు మనకేమీ చేయకపోవచ్చు, ఆమెను మాత్రం పడకేస్తాయి. ఏ ఆకైనా ఒకటికి మూడుసార్లు కడిగి, బాగా ఉడికించే పెట్టు. ఒళ్లు వెచ్చబడి 100.4 డిగ్రీలు దాటిందంటే తెల్లారనిద్దామని చూడొద్దు. రాత్రయినా, అపరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

నీకూ, అల్లుడికీ కూడా ఒక మాట. ఏ ఆకు క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఊరంతా వెతుకుతోంది. తెచ్చిపెట్టే ఆకు మన జిల్లాలోనే పండుతోంది. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు బేళ్లు కట్టి పంపే పొగాకది. 1994లో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిపిన పరిశోధన ఫలితాలొచ్చాయి. ఆకుకూరల్లో, క్యారెట్లలో ఉండే బీటా కెరోటిన్‌ను బిళ్లలుగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడ్డారు. తగ్గకపోగా 18 శాతం పెరిగింది. కాబట్టి బీడీ కాలుస్తూ మునగాకు తింటున్నాలే అని అల్లుడు సర్దిచెప్పుకుంటే కుదరదు. బీడీ ఆపాలి. పలకల మిల్లులో కోత దగ్గర నిలబడేటప్పుడు మూతికి ఉత్త తువ్వాలు చాలదు, సరైన మాస్కు కట్టమను. రాతి దుమ్ములోని సిలికా కూడా క్యాన్సర్ కారకమని 1997లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. నీకు ముప్పై దాటాయి. తల్లికి వచ్చిందంటే కూతురు జాగ్రత్తపడాలి. ఏఎన్ఎం అమ్మను అడిగి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్షలు చేయించుకో. మీ అమ్మ సంగతి చెప్పి, నీకు ఎప్పటి నుంచి ఏ పరీక్ష కావాలో పెద్దాస్పత్రి డాక్టరునే అడుగు.

ఇప్పుడు చేయాల్సినవి చెప్తా. ఒక నోటుపుస్తకం తీసుకో. మీ అమ్మ ఇప్పటిదాకా తాగిన పసరు, వేసుకున్న బిళ్లలు, పొడులు, అన్నీ పేరుతో, తేదీతో రాయి. దేన్నీ దాచొద్దు, తిడతారని భయపడొద్దు. ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టి, వీటిలో ఏవి ఆపాలి, ఏవి పర్లేదు అని అడుగు. కీమో తారీకు ఒక్కటి కూడా తప్పనివ్వొద్దు. డబ్బు బెంగ ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేం వస్తాయో ఆస్పత్రిలో వైద్యమిత్రను అడుగు. గుంటూరు పెద్దాస్పత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రముంది. గిద్దలూరు నుంచి గుంటూరుకు నేరుగా రైలుంది. నువ్వొక్కదానివే తిరగలేవు, ఈసారి నేనూ వస్తాను. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఎక్కుతా, ఏ పెట్టెలో ఉన్నారో ఫోన్ చెయ్యి. మీ అమ్మకు చెప్పు, అక్క వస్తోందని, ఈ వైద్యం సగంలో వదిలే ప్రసక్తే లేదని.

మీ పెద్దమ్మ